టోపీ తగలని బండి

ఇగుండేలి గుట్ట వాహన ఎంపిక సంఘం తనకు అప్పగించిన పనిని దిగ్విజయంగా పూర్తి చేసిందని అందరికీ సంతోషంగా తెలియజేస్తున్నాం. పదకొండు సమావేశాలు జరిగాయి. ఇరవై ఆరు కోళ్ళు ప్రాణత్యాగం చేశాయి. ఒక బండి కొన్నాం. దాని మీద గిట్టనివాళ్ళు ఏవేవో పుకార్లు పుట్టిస్తున్నారు గనక, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం సంఘం కార్యదర్శిగా నా బాధ్యత.

అసలు బండి కావలసింది నర్సు కగేహాకి. పెద్దాసుపత్రిలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి దిగిపోయాక, గుట్ట మీద తన ఇంటి ముందుగదిలోనే పురుళ్ళు పోస్తోంది. మా పిల్లల్లో సగంమంది ఈ లోకంలో మొదట చూసిన మొహం ఆవిడదే. అంతటి మనిషికీ యంత్రాల గురించి తెలిసింది సున్న. సైకిలు గొలుసు ఊడితే సైకిలునే నెత్తిన పెట్టుకుని వచ్చే రకం. కిసుము పట్నం వెళ్ళి డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది గానీ, ఆ రేకు కింద ఏముందో చూడలేదు, చూడాలని కూడా లేదు.

"నాకు బానెట్ ఎత్తడం రాదు, నేర్చుకోను," అని మొహం మీదే చెప్పేది. "తాళం తిప్పితే కదలాలి. ఆగిపోతే సంతలో ఎవడో ఒకడు బాగుచేసేట్టుండాలి. సామాను కిసుములో దొరకాలి. బురదలో దిగబడితే నలుగురు తోస్తే బయటికి రావాలి. నాకింకేం అక్కర్లేదు."

చూశారా? నాలుగే నాలుగు ముక్కలు. ఇంత పెద్ద విషయాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేస్తే ఇక పెద్దమనుషులు ఎందుకు, కుర్చీలు ఎందుకు?

పైగా బండిని కూడా ఆవిడే చూసి పెట్టుకుంది. సంతలో మెకానిక్ కెగోడె చూపించిన చిన్న జపాను బండి, ఎర్రది, పదేళ్ళ పాతది. కిసుములో టాక్సీల్లో సగం అవే. దాన్ని విప్పి బిగించడం కళ్ళు మూసుకుని చేసేవాళ్ళు ప్రతి చెట్టు కిందా ఒకడున్నాడు.

తొందర కూడా ఉందంది. రోడ్డు పక్కన మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే మినాయోకి ఏప్రిల్లో నెలలు నిండుతాయి. పోయిన కాన్పులో రక్తం ఆగక చావు తప్పింది. "ఈసారి పురుడు పెద్దాసుపత్రిలోనే కావాలి. తొమ్మిది కిలోమీటర్లు. వానలు మొదలైతే ఈ ఎర్రమట్టిలో మోటారు సైకిలు నిలబడదు. వానలకి ముందే బండి గుట్ట ఎక్కాలి," అంది కగేహా. అప్పటికి జనవరి. ఎండలు దంచేస్తున్నాయి. ఎండల్లో వాన మాట ఎత్తేవాళ్ళని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి?

ఆవిడ పొరపాటు ఒకటుంది. బండి ఖరీదులో పదింట ఎనిమిది పాళ్ళు తనే కూడబెట్టింది. మిగతా రెండు పాళ్ళకి ఆదివారం చర్చిలో చందా అడిగింది. మేం ఇచ్చాం. మా ఆచారం ప్రకారం చందా సొమ్మూ, ఆవిడ సొమ్మూ ఒకే బల్ల మీద పెట్టించి, ప్రార్థన చేసి, సంఘం పెట్టెలో వేశాం. పెళ్ళయినా, చావైనా, పిల్లాడి చదువైనా మా గుట్ట మీద సంఘం వేయకుండా జరగదు. రెండు పాళ్ళు ఇచ్చినవాళ్ళకి పది పాళ్ళ అధికారం రావడం కూడా ఆచారమే.

అధ్యక్షులు అసిలిగ్వా మేష్టారు. కగేహా చనిపోయిన భర్తకి స్వయానా అన్నగారు. ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా ఉండి గుట్టలో ప్రతి వీపునీ బెత్తంతో పలకరించిన మనిషి. ఆయనకో టోపీ ఉంది. నల్లది, ఎత్తయినది. స్నానానికి తప్ప తియ్యరు. ఈ టోపీ ముందు ముందు చాలా ముఖ్యం, గుర్తుంచుకోండి.

సాంకేతిక సలహాదారు లుగాలియా. నైరోబీలో ఒక మంత్రిగారి కారులో పదకొండేళ్ళు ముందు సీటులో కూర్చున్నాడు. డ్రైవరుగా కాదు. మంత్రిగారు దిగేటప్పుడు తలుపు తీసే ఉద్యోగం. తలుపుల గురించి అతనికున్నంత జ్ఞానం ఈ జిల్లాలో ఇంకెవరికీ లేదు.

మొదటి రెండు సమావేశాలూ కోడి కందనకాయ గురించి జరిగాయి. కందనకాయ ఇంటి పెద్దకి పెట్టాలన్నది మా పద్ధతి. సమావేశం కగేహా ఇంట్లో. ఇంటి పెద్ద అంటే చనిపోయిన తమ్ముడి తరఫున అన్నగారా, సాంకేతిక సలహాదారా, దీవించే పాస్టరుగారా? గంభీరమైన చర్చ తరవాత మేష్టారే తిన్నారు. ఫిబ్రవరి వచ్చింది.

మూడో సమావేశానికి కెగోడెని సాక్ష్యానికి పిలిచాం. చేతులకి గ్రీజు ఉందని కుర్చీ వెయ్యలేదు. గుమ్మంలో నిలబడ్డాడు.

"చిన్నది కొనండి మేష్టారూ," అన్నాడు.

"కారణం?"

"ఆగదు."

"అదో కారణమా? ఇంకా?"

"ఆగినా నేను బాగుచేస్తాను. సామాను సంచిలో పెట్టుకొస్తాను. సిస్టరమ్మకి బానెట్ ఎత్తే పని ఉండదు."

అప్పుడు లుగాలియా గొంతు సవరించుకున్నాడు. "పెద్దలు గమనించాలి. ఇతను బండ్లు బాగుచేసి బతికే మనిషి. చెడిపోని బండి కొనమంటున్నాడు. తన పొట్ట తనే కొట్టుకుంటాడా ఎవడైనా? ఇందులో ఏదో మెలిక ఉంది."

ఇంత లోతుగా మేమెవరం ఆలోచించలేదు. కెగోడె సాక్ష్యాన్ని కొట్టేశాం. అతను గుమ్మం దిగుతూ నవ్వాడు. ఆ నవ్వుని కూడా అనుమానాస్పదంగా నమోదు చేశాను.

అయినా మేం న్యాయం తప్పలేదు. ఎర్ర బండిని పిలిపించి మూడు పరీక్షలు పెట్టాం. ఇంజను పరీక్ష పెట్టలేదు, అది లోపల ఉంటుంది గనక.

మొదటిది తలుపు పరీక్ష. లుగాలియా తలుపు తీసి వేశాడు. 'టక్' మంది. "పెద్ద బండి తలుపు 'ధబ్' మంటుంది," అని పెదవి విరిచాడు. రెండోది టోపీ పరీక్ష. మేష్టారు కూర్చున్నారు. టోపీ పైకప్పుకి తగిలి ముందుకి జారి కళ్ళ మీద పడింది. పిల్లలు నవ్వారు. ఎర్ర బండి జాతకం అక్కడే తేలిపోయింది.

"బావగారూ, టోపీ తీసి కూర్చోవచ్చు గదా," అంది కగేహా.

"తియ్యొచ్చమ్మా. కానీ బండి ఉన్నది మనిషి పరువు పెంచడానికి. టోపీ తీయించే బండి పరువు పెంచుతుందా?"

"బండి నాకు. నాకు టోపీ లేదు."

"నీకే తల్లీ. నీ కోసం కాకపోతే ఇంతమందిమి ఎందుకింత కష్టపడుతున్నాం?"

మూడోది శవపేటిక పరీక్ష. కొత్తగా వినేవాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు. గుట్టకి బండి అంటూ వచ్చాక మార్చురీ నుంచి మనవాళ్ళని తెచ్చుకోవాల్సింది అందులోనే గదా. వడ్రంగి దగ్గర్నుంచి లుగాలియా తాడు తెచ్చాడు. ఆరున్నర అడుగులు. ఎర్ర బండిలో పరిస్తే అడుగున్నర బయటికొచ్చింది.

"పడదు," అని ప్రకటించాడు.

కంకుల బుట్ట దించుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తున్న మినాయో అప్పుడే అందుకుంది. మేష్టారికి మేనల్లుడి పెళ్ళాం, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. "మామయ్యా! చచ్చినోళ్ళు పడతారా లేదా అని తాడేసి కొలుస్తున్నారే, బతికున్నోళ్ళు పడతారేమో చూడరా? నన్ను కొలవండి, ఈ పొట్టతో సహా!"

"నువ్వు కూర్చుంటావు కదమ్మా," అన్నాడు లుగాలియా ఓపిగ్గా. "కూర్చునేవాళ్ళు ఎందులోనైనా పడతారు. కొలత కావలసింది పడుకునేవాళ్ళకి."

"అయితే పడుకున్నాకే కొలుద్దురుగానిలే," అని బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. అందరం నవ్వాం. నేను కూడా.

ఎర్ర బండిని తిరస్కరించాం. దాన్ని లోయ అవతల సంతలో ఒక టాక్సీవాడు కొనుక్కుపోయాడు. టోపీ లేని మనిషి.

మార్చి మొదట్లో మా బండి వచ్చింది. ఏ దేశపుదో, ఏ కంపెనీదో చెప్పను, వాళ్ళ పరువు వాళ్ళది. పూర్వం ఏదో రాయబారి ఎక్కి తిరిగిందట. వెండి రంగు. పాతికేళ్ళ వయసు. వెనక భాగం ఎంత పొడుగంటే శవపేటిక పెట్టాక ఇద్దరు ఏడ్చేవాళ్ళు కూడా కూర్చోవచ్చు. లోపల చెక్క పని, తోలు సీట్లు, నలభై రెండు మీటలు. నలభై రెంటిలో ఏది ఏమిటో ఎవరికీ తెలియకపోవడం దాని హోదాకి తగ్గట్టే ఉంది. తలుపు 'ధబ్' మంది. లుగాలియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేష్టారి టోపీకీ పైకప్పుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు.

కెగోడె చుట్టూ ఒకసారి తిరిగి, కింద పడుకుని చూసి, లేచి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "సిస్టరమ్మా, దీనికి స్ప్రింగులు లేవు. గాలితిత్తుల మీద నిలబడుతుంది. గాలి పంపు పోతే కూలబడుతుంది. పంపు నైరోబీలో తప్ప దొరకదు. రెండు టన్నుల బరువు. నాకిది రాదు."

"రాదని ఒప్పుకున్నాడు, రాసుకో," అన్నారు మేష్టారు నాతో. రాసుకున్నాను.

ఆ నెలలో బండి మా గుట్టకి తెచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు. రెండు పెళ్ళి ఊరేగింపులకి ముందు నడిచింది. ఒక బిషప్పుని మోసింది. పక్క గుట్టవాళ్ళు వచ్చి ఫొటోలు దిగారు. యజమానురాలికి కూడా బండి ఇవ్వాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది, ఖాళీ ఉన్నప్పుడు. కగేహా రెండుసార్లు నడిపింది. రెండుసార్లూ ముందు అద్దం కింద ఎర్ర దీపాలూ పసుపు దీపాలూ వెలిగాయి. ఆవిడ భయపడి ఆపేసింది. లుగాలియా చూసి, మంత్రిగారి బండిలో కూడా ఇలాంటి దీపాలుండేవనీ, అది అలంకారమనీ ధైర్యం చెప్పాడు.

వానలు మొదలైన రెండో రోజు పొద్దున బండి మోకరిల్లింది.

నిజం. ముందు భాగం నెమ్మదిగా వంగి, పొట్ట నేలకి ఆనించి, చర్చి వైపు తిరిగి ఉండిపోయింది. ఆ ఆదివారం పాస్టరుగారు దాని మీదే ప్రసంగించారు. "రాయబారుల్ని మోసిన వాహనం కూడా దేవుడి ఇంటి ముందు తల వంచింది. మరి మీరో?" అని గద్దించారు. వెనక వరసలో ముగ్గురు పశ్చాత్తాపపడ్డారు.

కగేహా పశ్చాత్తాపపడలేదు. తిన్నగా మేష్టారింటికి వచ్చింది. "బావగారూ, పంపు తెప్పించండి. మినాయోకి రెండు వారాలే ఉంది. నా దగ్గర దమ్మిడీ లేదు, అంతా మీ పెట్టెలో పోసేశాను."

"తెప్పిద్దాం. దానికో ఉపసంఘం వేశాం గదా."

"ఉపసంఘం ఎప్పుడు కూర్చుంటుంది?"

"కోడి దొరకగానే."

"బావగారూ, మీకు దణ్ణం పెడతాను. అది చచ్చిపోతుంది."

"శుభం పలకవమ్మా," అన్నారాయన నొచ్చుకుని. నర్సయి ఉండి అలాంటి మాట అనడం మాకెవరికీ నచ్చలేదు.

మినాయోని ముందే తీసుకెళ్ళి ఆసుపత్రి దగ్గర ఉంచుదామని కూడా కగేహా ప్రయత్నించింది. మినాయో ఒప్పుకోలేదు. "ఇద్దరు పిల్లల్ని ఎవరి దగ్గర పడెయ్యను సిస్టరమ్మా? మీ సంఘం దగ్గరా? సమావేశానికో పిల్లని నమిలేస్తారు," అంది. ఈ మాట కూడా నోట్ చేశాం.

ఏప్రిల్ పదిహేడు, మధ్యాహ్నం మూడు గంటలకి నొప్పులొచ్చాయి. వారం రోజుల నుంచి ఎడతెగని వాన. గుట్ట దారి ఎర్రటి సబ్బు ముక్కలా ఉంది. కగేహా పరిగెత్తింది. నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది, గుక్కపట్టి ఏడ్చింది. రక్తం మాత్రం ఆగలేదు. ఆవిడ సూదులిచ్చింది, పిడికిలితో నొక్కి పట్టుకుంది, ఇరవై తొమ్మిదేళ్ళలో నేర్చుకున్నదంతా చేసింది. మిగిలిన పని రక్తం ఎక్కించడం. అది తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది.

మేం బండి దగ్గరికి వెళ్ళాం. ఆ రోజు మా గుట్టవాళ్ళు చూపించిన ఐకమత్యాన్ని ఎవరూ కాదనలేరు. ముప్పై నాలుగు మందిమి. భుజాలు ఆనించి తోశాం. బండి పొట్ట మట్టిలో, చక్రాలు రేకుల లోపల. రెండు టన్నుల పరువు. అంగుళం కదల్లేదు. లుగాలియా తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. అది అతని వృత్తి.

ఒక్క మోటారు సైకిలు వచ్చింది, మొదటి మలుపులోనే పక్కకి పడిపోయింది. కెగోడె ఎవరితోనూ మాట్లాడకుండా బురదలో కిందికి పరిగెత్తాడు, లోయ అవతల సంతకి.

అయిదుంపావుకి మినాయో కగేహా చెయ్యి పట్టుకుని, "ఎంత దూరమొచ్చాం సిస్టరమ్మా?" అని అడిగింది. మంచం మీదే ఉంది. కగేహా, "దగ్గరికొచ్చేశాం తల్లీ," అంది.

ఆరింటికి బండి చప్పుడు వినపడింది. ఎర్ర బండి. అదే. చక్రాలకి తాడు చుట్టి, వెనక నలుగురు తోస్తుంటే, ఒళ్ళంతా బురద చిమ్ముకుంటూ, దగ్గుతూ, జారుతూ, గుట్ట ఎక్కి వాకిట్లో నిలబడింది. కెగోడె దూకి తలుపు తీశాడు. 'టక్' మంది. ఎవరూ ఎక్కలేదు. ఎక్కవలసిన మనిషి పోయి అప్పటికే పావుగంట అయింది.

ఇక్కడ సంఘం పనితనం గురించి తప్పక చెప్పాలి. వాహన ఎంపిక సంఘం ఆ సాయంత్రమే, అదే అధ్యక్షుడితో, అదే సలహాదారుతో, అదే కార్యదర్శితో, అంత్యక్రియల సంఘంగా మారింది. కుర్చీలు కూడా మార్చలేదు. చందా గంటలో పోగయింది. చావంటే మా గుట్టలో వెనకాడే మనిషి లేడు. ఆరు ఎడ్లు, రెండు గుడారాలు, ఒక మైకు సెట్టు. అప్పుడు మేష్టారు, "మరి బండి?" అన్నారు. ఉపసంఘం అక్కడికక్కడే కూర్చుంది, కోడి లేకుండానే. ఒక్క ఫోను. మర్నాడు పొద్దున నైరోబీ బస్సులో పంపు వచ్చింది. ఒక్క రోజులో. కిసుము నుంచి మనిషి వచ్చి బిగించాడు. మధ్యాహ్నానికి బండి బుసకొట్టి, నిండుగా ఊపిరి పీల్చుకుని, నాలుగు చక్రాల మీద లేచి నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు.

లుగాలియా తాడు తెచ్చి మినాయోని కొలిచాడు. అయిదడుగుల నాలుగంగుళాలు. పేటిక సులువుగా పట్టింది. ఇంకా చోటు మిగిలింది.

ఊరేగింపులో బండి ఎక్కడా ఆగలేదు. మేష్టారు టోపీతోనే కూర్చున్నారు. సమాధి దగ్గర మైకు పట్టుకుని మాట్లాడారు:

"ఈ బండి కదలదన్నారు. మోకరిల్లిందన్నారు. ఇవాళ మీరే చూశారు, కదిలిందా లేదా? ఆ చిన్న బండి కొని ఉంటే ఇవాళ మన బిడ్డ సగం లోపల, సగం బయట ప్రయాణం చేసేది! మినాయోకి జరిగిన ఈ గౌరవం ఈ గుట్ట చరిత్రలో ఏ ఆడపడుచుకీ జరగలేదు. సంఘం దూరదృష్టికి ఇంతకంటే రుజువేం కావాలి?"

తరవాత యజమానురాలిని రెండు మాటలు చెప్పమన్నారు. కగేహా పసిదాన్ని ఎత్తుకుని వచ్చింది. మైకు పట్టుకోలేదు.

"నేను బండి అడిగాను," అంది. "మీరు పాడె కొన్నారు."

అంతే. తాళంచెవి మేష్టారి ఒళ్ళో పడేసి, గుట్ట దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇంకెవరికో పురుడు దగ్గరపడిందట.

సమావేశ వివరాల పుస్తకంలో, 'యజమానురాలు సంఘానికి కృతజ్ఞతలు తెలియజేశారు' అని రాశాను. అధ్యక్షులు సంతకం పెట్టారు. మేమెవరం చెడ్డవాళ్ళం కాము. అందరం ఏడ్చాం. ఆ పసిదానికి పాలడబ్బాల కోసం సంఘం వెయ్యాలన్న ప్రతిపాదన కూడా ఉంది. కోడి దొరకగానే కూర్చుంటాం.

బండి ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది. నెలకి మూడు, నాలుగు చావులు. ఆ ఊరేగింపు చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మా పేరు చుట్టుపక్కల మారుమోగింది. తమకూ ఇలాంటి బండి ఎంచిపెట్టమని పక్క గుట్టల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. ఒక ఊరి స్కూలుకి, ఒక ఊరి ఆసుపత్రికి. ఇప్పటికి ఏడు ఊళ్ళు ఒప్పుకున్నాం.

ఎనిమిదో ఉత్తరం మీ ఊరి నుంచి వచ్చింది. అన్నీ వివరంగా రాశారు. ఎవరి టోపీ ఎంత ఎత్తో రాశారు, శవపేటిక కొలతలు రాశారు, రంగు రాశారు. నెలలు నిండినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మాత్రం రాయడం మరిచిపోయారు. ఫరవాలేదు, మాకూ అవసరం లేదు. వచ్చే శనివారం వస్తున్నాం. కోడి బలిసినదై ఉండాలి. కందనకాయ అధ్యక్షులకి.